మంచె మీదుండగానే

వర్క్‌షాపులో ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసు ఈసారి లీదియా తీసుకుంటుందని శాఖ హెచ్చోడీ రామారావుగారు చెప్పినప్పుడు నీహారిక స్టాఫ్ రూములో పెరుగన్నం కలుపుకుంటోంది. కలుపుతున్న చెయ్యి ఆగలేదు. ముఖమూ మారలేదు. "మంచిదే సర్, చిన్నవాళ్ళకీ అవకాశం రావాలిగా" అని కూడా అంది. ఆయన అటు వెళ్ళగానే డబ్బాకి మూత పెట్టేసింది. అన్నం అన్నంగానే ఇంటికి తిరిగి వెళ్ళింది.

అవి సాగర్ రోడ్డు పొడుగునా జొన్న చేలలో తెల్లరాళ్ళు పాతి ప్లాట్లు చేస్తున్న రోజులు. ప్లాట్లు ఎంత వేగంగా లేచాయో ఇబ్రహీంపట్నం చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలూ అంత వేగంగా లేచాయి. అలా లేచిన ఒక కాలేజీలో, గోడలకు సున్నం ఆరకముందే చేరిన మనిషి నీహారిక. వాళ్ళ నాన్నగారు తెనాలి నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డారు. ఆమె పెళ్ళి కూడా ఆ పక్క వీధిలోనే జరిగింది. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబులో కంప్యూటర్లు బల్లల మీద పెట్టించింది ఆమె. ప్రతి శీతాకాలం సెలవుల్లో చుట్టుపక్కల కాలేజీల అధ్యాపకులను పిలిచి రెండు రోజులు వర్క్‌షాపు పెట్టడమనే ఆనవాయితీ మొదలుపెట్టింది కూడా ఆమే. మొదటిరోజు క్లాసు ఎప్పుడూ ఆమెదే. "ఓఎస్ మేడం" అంటే ఎవరని అడగనక్కర్లేదు, సెక్యూరిటీ అతను కూడా ఆమె గది చూపించేవాడు.

లీదియా ఆమె దగ్గర చదువుకున్న పిల్లే. మంచాల ఊరి నుంచి బస్సులో వచ్చేది. చదువు ముగించి, పైచదువు కూడా పూర్తి చేసి, రెండేళ్ళ కిందట ఇదే కాలేజీలో లెక్చరరుగా చేరింది. చేరిన రోజు వచ్చి నీహారిక కాళ్ళకు దండం పెట్టబోతే, నీహారిక వారించి, తన పక్క కుర్చీ చూపించింది. ఆ కుర్చీ చూపించిన చేతిని ఈమధ్య ఆమె చాలాసార్లు తిట్టుకుంది.

ముందు అన్నం డబ్బా దగ్గర మొదలైంది. నీహారిక ఆవకాయంటే స్టాఫ్ రూములో పేరు. మూత తియ్యగానే నాలుగు చేతులు వచ్చేవి. లీదియా బియ్యప్పిండితో కాల్చిన సర్వపిండి తేవడం మొదలుపెట్టాక ఆ చేతులు పక్క డబ్బా వైపు తిరిగాయి. ఆవకాయ ఇప్పటికీ అడుగుతారు, సర్వపిండిలోకి నంజుకోవడానికి. ఇది ఎవరితోనైనా చెప్పుకుంటే నవ్విపోతారని నీహారికకు తెలుసు. అందుకే చెప్పుకోలేదు. చెప్పుకోనిదల్లా కడుపులోనే ఉడికింది.

తరవాత క్లాసు. ఒకరోజు వరండాలో నడుస్తుంటే లీదియా గొంతు వినిపించి ఆగింది. ఒకే ప్రోగ్రాం లోపల నాలుగు పనులు వంతులవారీగా ఎలా నడుస్తాయో చెబుతోంది ఆ పిల్ల. ఒక పని కొంత దూరం సాగి ఆగుతుంది, రెండోది అందుకుంటుంది. మళ్ళీ వంతు వచ్చినప్పుడు మొదటిది ఆపిన చోటి నుంచే సాగుతుంది. ఎక్కడ ఆగిందో, చేతిలో ఏముందో గుర్తుండాలంటే ఒక్కో పనికి విడిగా కొంత మెమరీ కావాలి. దాన్నే స్టాక్ అంటారు. పని మొదలయ్యేముందు దాన్ని అడిగి తెచ్చుకోవాలి, ముగిశాక తిరిగి ఇచ్చెయ్యాలి, అంటే ఫ్రీ చెయ్యాలి. తెచ్చుకోవడం ఎవరికైనా వస్తుంది. తిరిగివ్వడం ఎవరి పని, ఎప్పుడు, అన్నదే చిక్కు. నీహారిక ఆ చిక్కును ఇంగ్లీషు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు బోర్డు మీద రాసేది. పిల్లలు ఉన్నది ఉన్నట్టు ఎక్కించుకునేవాళ్ళు.

లీదియా మాత్రం జొన్నచేలో మంచె వేసింది.

"పిట్టల కావలికి మంచె మీదెక్కినోడు పొద్దుగూకినంక మంచె మీదనే నిల్చొని కట్టెలు విప్పుతడా?" అని అడుగుతోంది. "విప్పితే యాడ పడ్తడు? ముందుగాల దిగాలె. దిగినంక కింద ఉన్నోడు విప్పాలె. మా బాపునడగండి, చెప్తడు. గిది కూడ గట్లనే. స్టాక్ మీద నిలబడ్డోడు తన స్టాక్ తానే ఫ్రీ చెయ్యొద్దు."

క్లాసంతా నవ్వింది. వెనక బెంచీలో ఎవడో, మేడం, మా చేను ప్లాట్లయింది, మంచె యాడ దొరుకుతది అన్నాడు. లీదియా కూడా నవ్వింది. తన క్లాసులో మెమరీ గురించి పిల్లలు నవ్విన గుర్తు నీహారికకు లేదు. ఆ నవ్వు విన్న చోట ఆమె నిలబడిపోయింది, ఎవరైనా చూస్తే చెప్పు తెగిందేమో అనుకునేలా కాలి వైపు వంగి చూసుకుంది.

ఇప్పుడు వర్క్‌షాపు. రామారావుగారు చెప్పిన వారానికి లీదియా తన ప్రోగ్రాం మొత్తం ల్యాబు ఫోల్డరులో పెట్టింది. వర్క్‌షాపులో చూపించేదేదైనా ముందుగా అక్కడ పెట్టి ఇంకొకరి చేత చూపించాలన్నది ఆ శాఖలో పద్ధతి. ఆ పద్ధతీ నీహారిక పెట్టిందే. కనుక చూడాల్సిందీ నీహారికే.

శనివారం మధ్యాహ్నం ల్యాబు ఖాళీ అయ్యాక కూర్చుని తెరిచింది. తప్పు వెతకడానికే కూర్చుంది, అందులో దాపరికం అక్కర్లేదు. కాని మొదటి రెండు పేజీలు చదువుతుంటే వెతుకుతున్న సంగతే మరిచిపోయింది. అంత శుభ్రంగా ఉంది. పేర్లు చక్కగా, వరసలు సరిగ్గా, ఒక్క మాట ఎక్కువ లేదు. తాను రాసుంటే ఇలాగే రాసేదాన్నని ముందు అనుకుంది. ఇంత బాగా రాసేదాన్ని కాదని తరవాత అనుకుంది. ఆ రెండో ఆలోచన వచ్చాక కళ్ళు మళ్ళీ పదునెక్కాయి.

చివరి పేజీలో దొరికింది. పని ముగిసినప్పుడు నడిచే చిన్న ముక్క అది. అందులో, ముగిసిన పని తన స్టాక్‌ను తానే ఫ్రీ చేసి, ఆ తరవాత పక్క పనికి వంతు ఇస్తోంది. అంటే మంచె మీద నిలబడి మంచె విప్పుతోంది. పిల్లలకు చెప్పిన మాట తన ప్రోగ్రాంలోనే మరిచిపోయింది.

నీహారిక నడిపి చూసింది. ప్రోగ్రాం చక్కగా నడిచింది. నాలుగు పనులూ ముగిశాయి, ఏమీ కాలేదు. ఎందుకు కాలేదో ఆమెకు ఇట్టే అర్థమైంది. లీదియా ఒక్కో పనికి పదహారు కేబీ మాత్రమే ఇచ్చింది. అంత చిన్న ముక్కను ఫ్రీ చేస్తే మధ్యలో మెమరీ పంచిపెట్టే సి లైబ్రరీ దాన్ని అసలు యజమానైన కెర్నల్‌కు పంపదు, మళ్ళీ ఎవరైనా అడుగుతారని తన దగ్గరే అట్టిపెట్టుకుంటుంది. విప్పిన కట్టెలు కాసేపు నిలబెట్టినట్టే నిలబడి ఉంటాయి. అదే ముక్క పెద్దదైతే లైబ్రరీ అట్టిపెట్టుకోదు, ఆ క్షణమే కెర్నల్‌కు తిరిగిచ్చేస్తుంది. కాళ్ళ కింద నేల ఉండదు.

అరవై నాలుగు పెట్టి చూసింది. నడిచింది. రెండు వందల యాభై ఆరు పెట్టింది. మొదటి పని ముగియగానే ప్రోగ్రాం కుప్పకూలి, తెర మీద సెగ్మెంటేషన్ ఫాల్ట్ అన్న ముక్క పడింది.

ఆమెకు కలిగినంత సంతోషం ఆ ల్యాబులో ఇంకెప్పుడూ కలగలేదు. అంకెను తిరిగి పదహారుకు మార్చింది, తాను మార్చి చూసినట్టు తెలియకుండా మూసేసింది, కుర్చీ లోపలికి నెట్టి తాళం వేసింది.

సోమవారం లీదియా బస్సు దిగి నేరుగా ఆమె దగ్గరికే వచ్చింది. చేతిలో చిక్కుడుకాయల సంచి. వాళ్ళ బాపు జాకబ్ మేడంకిమ్మని పంపాడట.

"చూసిన్రా మేడం? మీరు చూసిండ్రంటే నాకు ఫికరుండదు."

సంచి అందుకుంటూ నీహారిక చెప్పింది. "చూశాను. బాగుంది."

అనుకున్నదానికన్నా తేలిగ్గా వచ్చింది మాట. చిక్కుడుకాయలు లేతగా ఉన్నాయి. సాయంత్రం అవి వలుస్తూ భర్త దుర్గేష్‌తో సంగతంతా చెప్పింది. చెప్పేటప్పుడు ఆ తప్పు ఎలా దొరికిందో, ఎంతమందికి దొరకదో కాస్త సాగదీసింది. ఆయన టీవీ గొంతు తగ్గించి విన్నాడు.

"అయితే ఆ అమ్మాయికి చెప్పావా?"

"వర్క్‌షాపులో అడుగుతా. ప్రశ్నలు అడగడానికేగా వర్క్‌షాపు."

ఆయన టీవీ గొంతు పెంచాడు. కూరలో ఆరోజు ఉప్పు సరిగ్గానే ఉంది. ఆమెకు మాత్రం చప్పగా అనిపించింది.

వర్క్‌షాపు రోజు లీదియా గంజి పెట్టిన ఆకుపచ్చ నూలుచీర కట్టుకొచ్చింది. హాలు నిండింది. నీహారిక మొదటి వరసలో, ఎప్పుడూ వచ్చినవాళ్ళను కూర్చోబెట్టే వైపు కూర్చుంది. ఆ కుర్చీ ఆమెకు కొత్త. పక్కన ఈశ్వరయ్యగారు, నల్లగొండ వైపు కాలేజీ నుంచి వచ్చిన పెద్దాయన. చాలా ఏళ్ళుగా ఈ వర్క్‌షాపు తప్పకుండా వస్తాడు.

లీదియా మళ్ళీ మంచె వేసింది. ఈసారి ఇంకా బాగా వేసింది. ఈశ్వరయ్యగారు మోకాలు చరుచుకుని, గిట్ల చెప్పాలె, ఇన్నేండ్లు మాకెవ్వరు గిట్ల చెప్పలే అన్నాడు, పక్కనున్నది ఎవరో తట్టకుండా. ఆ మాటతో నీహారికలో అప్పటిదాకా కాస్త వెనకాడుతున్నదేదో ఉంటే అది కూడా తప్పుకుంది. ప్రోగ్రాం నడిచి, చప్పట్లు పడి, ప్రశ్నలున్నాయా అని లీదియా అడగగానే చెయ్యెత్తింది.

తనను తానే పిలుచుకునే ఫంక్షన్లు ఈ పదహారు కేబీలో పట్టవు కదా, స్టాక్ పెంచి చూపిస్తారా అని అడిగింది. గొంతు తియ్యగా ఉంది. లీదియా ముఖం వెలిగింది. మేడం అడిగారు, మంచి ప్రశ్న అడిగారు, అంతే ఆ పిల్లకు తెలిసింది.

"ఎంత పెట్టమంటరు మేడం?"

"రెండు వందల యాభై ఆరు పెట్టు."

పెట్టింది. నడిపింది. కూలింది.

లీదియా తెర వైపు చూసింది, తన చివరి పేజీ తెరిచింది, పైనుంచి కిందికి చదివింది. చదువుతుంటే మెడ దగ్గర ఎరుపెక్కడం మొదటి వరసకు కనిపించింది. నీహారిక ఎదురుచూసినది ఆ ఎరుపే. కాని తరవాతి మాట కోసం ఆమె ఎదురుచూడలేదు.

"మీ అందరికి చెప్పి చెప్పి, నేనే మంచె మీదుండి విప్పుకున్న సార్" అంది లీదియా. "గిదిగో, ఈ ముక్కల. చూడుండ్రి."

నవ్వులు చెలరేగాయి. ఎగతాళి నవ్వులు కావు. అందరూ మెడలు చాచి చూశారు. మంచె అంటే ఏమిటో అప్పటిదాకా పూర్తిగా అర్థం కానివాళ్ళకు కూడా అర్థమైంది. కూలిపోయిన ప్రోగ్రాం నడిచినదానికన్నా బాగా పాఠం చెప్పింది. నీహారిక చేతిలో ఉన్నదనుకున్న రాయి పువ్వయి ఆ పిల్ల కొప్పులోకే పోయింది.

అప్పుడు ఈశ్వరయ్యగారు నీహారిక వైపు తిరిగాడు. ఆయనకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది. "అమ్మా, నువ్వడిగినదానికి అరవై నాలుగు కూడ చాలు గద. రెండు వందల యాభై ఆరని గంత ఖచ్చితంగ ఎట్ల తట్టింది నీకు?"

హాలంతా ఆమె వైపు చూసింది. పొద్దున్నుంచి మొదటిసారి. ఆ చూపు ఆమెకు ఎండలో నడిచొచ్చినవాళ్ళకు కుండనీళ్ళలా తగిలింది. లేచి నిలబడి వివరించింది. చిన్న ముక్కల్ని లైబ్రరీ అట్టిపెట్టుకోవడం, నూట ఇరవై ఎనిమిది కేబీ దాటితే నేరుగా కెర్నల్‌కు తిరిగిచ్చెయ్యడం, అందుకే చిన్న అంకెలతో ఈ తప్పు ఎప్పటికీ బయటపడకపోవడం. ఇన్నేళ్ళలో ఇంత బాగా ఆమె ఏదీ వివరించలేదు.

"అరవై నాలుగుకు పడిపోదు సర్, నేను పెట్టి చూశాను" అంది.

అన్నాక విన్నది ఆ మాటను. ఈశ్వరయ్యగారు తలాడించడం మొదలుపెట్టి, సగంలో ఆపాడు. రామారావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చూసినదెప్పుడని ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం లేదు. లీదియా ఆమెను ఒక్కసారి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే నీహారికకు తేలికయ్యేది. మరిచిపోయిన మనిషిని గుర్తుపట్టడానికి చూసినట్టుంది ఆ చూపు.

టీ వేళ రామారావుగారు ఇద్దర్నీ పిలిచారు. రేపు తప్పు దిద్ది చూపించాలి కాబట్టి ఆ క్లాసు నీహారికే తీసుకోవాలన్నారు. ఆయన గొంతులో మెచ్చుకోలు లేదు, వెటకారమూ లేదు. తలుపు దాటుతూ వెనక్కి తిరిగి ఒక్కమాట అన్నారు.

"పద్ధతి ప్రకారం లీదియా ఒకసారి చూస్తుంది. ఏం లీదియా?"

"చూస్త సార్."

కోరుకున్న క్లాసు అలా వచ్చింది నీహారికకు. ఇంటికెళ్ళకుండా ల్యాబులోనే కూర్చుని దిద్దింది. దిద్దడం పెద్ద పనేమీ కాదు. పని ముగిసినప్పుడు తన స్టాక్ తాను ముట్టుకోదు, ముగిసిందని గుర్తు మాత్రం పెట్టి తప్పుకుంటుంది. వంతులు పంచే ప్రధాన భాగానికి దాని స్టాక్ దానికుంది. అది కింద నిలబడి, ముగిసినవాళ్ళ స్టాకులు ఒక్కొక్కటే ఫ్రీ చేస్తుంది. నాలుగు వాక్యాల మార్పు. నడిపింది, అంకెలు పెంచింది, తగ్గించింది. అంతా బాగానే ఉంది. లీదియా పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుని, చీరకొంగున ముడి వేసుకుని, మంచాల బస్సుకు వెళ్ళిపోయింది.

పొద్దున్న హాలు మెట్ల మీద ఎదురైంది.

"చూశావా?" అని అడిగింది నీహారిక.

"చూసిన మేడం. బాగున్నది."

అవే మాటలు. లీదియా గొంతు మామూలుగానే ఉంది. నీహారిక గొంతు కూడా ఆ సోమవారం మామూలుగానే ఉండింది.

అక్కడి నుంచి వేదిక దాకా నడవడం ఆమెకు కష్టమైంది. ఎన్నో ఏళ్ళు ఎక్కిన వేదికే. దిద్దిన ప్రోగ్రాం తెర మీద ఉంది, ప్రతి వాక్యం ఆమెకు కంఠతా వచ్చు. అయినా ఒక్కో వాక్యం ఇప్పుడు వేరేలా కనిపించింది. గుర్తు పెట్టే చోట పొరపడ్డానా? ఒకే స్టాక్‌ను రెండుసార్లు ఫ్రీ చేసే దారి ఎక్కడైనా మిగిలిందా? రాత్రి లేని తప్పులన్నీ పగలు వచ్చి వరసలో నిలబడ్డాయి. మొదటి వరసలో, నిన్న తాను కూర్చున్న కుర్చీలోనే, లీదియా కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పక్కన ఈశ్వరయ్యగారు.

నీహారిక వివరిస్తోంది కాని మాటలు ఆమెకే వినిపించడం లేదు. నడిపే సమయం వచ్చింది. మీట నొక్కాక అందరూ తెర చూశారు, ఆమె మాత్రం లీదియా ముఖం చూసింది. ఆ ముఖం ఏమీ చెప్పలేదు.

ప్రోగ్రాం నడిచింది. ఈశ్వరయ్యగారు రెండు వందల యాభై ఆరు పెట్టమన్నాడు, నడిచింది. ఇంకా పెంచమన్నాడు, నడిచింది. ప్రశ్నలున్నాయా అని నీహారిక అడిగినప్పుడు లీదియా చేతులు ఒళ్ళోంచి లేవలేదు. చప్పట్లు పడ్డాయి. అందులో లీదియావీ ఉన్నాయి. చప్పట్ల మధ్య నీహారికకు నడుము దగ్గర చీర తడిసి అంటుకున్న సంగతి తెలిసింది.

అందరూ భోజనాలకు వెళ్ళాక లీదియా తన సంచి సర్దుకుంటుంటే దగ్గరికి వెళ్ళింది. క్షమించమంటే ఆ పిల్ల వెంటనే క్షమిస్తుందేమో, అది భరించలేను అనిపించింది. అందుకని వేరే అడిగింది.

"నిజంగా చూశావా లీదియా?"

లీదియా సంచి జిప్పు వేసింది. కొంగు ముడి విప్పి పెన్‌డ్రైవు బల్ల మీద పెట్టింది.

"చూడలే మేడం."

నీహారిక పక్క కుర్చీ అంచున కూర్చుంది.

"తెరుద్దామని కూసున్న. తెరిస్తే తప్పు దొరుకుతదేమో అనిపించింది. దొరికితే మీకు చెప్పబుద్ధి కాదేమో అని కూడ అనిపించింది. నిన్న మస్తు కోపముండె మీ మీద. చూసి చెప్పకపోతే నేను మీ లెక్కనే అయిత గద. అందుకే తెరువలే. పొద్దుగాల మాత్రం అబద్ధమాడిన. మీరు భయపడితె పడనీ అనుకున్న. గంతే."

సంచి భుజానికి తగిలించుకుంది. డబ్బాలో రెండు సర్వపిండి ముక్కలు మిగిలాయని, తినేటట్టయితే బల్ల మీద పెడతానని అంది. నీహారిక తలూపింది. లీదియా డబ్బా పెట్టి, భోజనాల వైపు వెళ్ళిపోయింది. వరండాలో ఎవరో ఆమెను ఆపి ఏదో అడిగారు, ఆమె చెప్పిన దానికి నవ్వులు వినిపించాయి.

నీహారిక పెన్‌డ్రైవు చేతిలోకి తీసుకుంది. అది తన దగ్గరకు వచ్చి ఉంటే తాను తెరిచేది. కోపం ఉన్నా తెరిచేది, లేకున్నా తెరిచేది. తెరవకుండా ఒక రాత్రంతా కొంగున కట్టుకుని ఉండడం తన వల్ల అయ్యేది కాదు. ఆ మాట తనకు తానే ఒప్పుకున్నాక సిగ్గు కలుగుతుందనుకుంది. కలిగింది కూడా. కాని సిగ్గు కన్నా ముందు, పాత చుట్టంలా తలుపు తోసుకుని ఇంకొకటి వచ్చి కూర్చుంది. ఇదివరకు ఆ పిల్ల డబ్బాను చూస్తే, క్లాసులో నవ్వులు వింటే వచ్చేది. ఇప్పుడు ఆ పిల్ల తెరవకుండా ఉండగలిగినందుకు వచ్చింది.

డబ్బా మూత తీసింది. సర్వపిండి చల్లారి గట్టిపడింది. తన సంచిలోంచి ఆవకాయ సీసా తీసి, పక్కన కొంచెం వేసుకుని, ఒంటరిగా తినసాగింది. బాగుంది. అది కూడా ఆమెకు నచ్చలేదు.